వదిన పేరు మీద చూపించుకున్న గడ్డ

మొన్న మధ్యాన్నం మా మేనకోడలు ఓబులమ్మ కంభం బస్సు దిగి, చెప్పాపెట్టకుండా గిద్దలూరులో మా ఇంటికొచ్చింది. మా అన్న పెద్దకూతురు, అరవై ఏండ్ల మనిషి. చిన్నప్పటి నుంచి సన్నపు మనిషే, ఎముకల గూడు. మా వాళ్లంతా దాన్ని 'మేకపాల ఓబులమ్మ' అని ఎగతాళి చేసేవాళ్లు, అదీ నవ్వేది. వచ్చీరాగానే రెండు గ్లాసుల మజ్జిగ తాగి, కొంగుతో మెడ తుడుచుకుని, నా పక్కన మంచం మీద కూర్చుంది. దాని కూతురు సునీత కర్నూల్లో టీచరు. ఆ పిల్లకు రొమ్ములో గడ్డ కనపడిందంట. డాక్టరు పరీక్షలు రాసిచ్చి, "మీ ఇంట్లో ఆడవాళ్లకు ఎవరికైనా ఇట్లాంటిది ఉండిందా" అని అడిగిందంట. సునీత "మా అమ్మమ్మకు ఉండింది" అని చెప్పేసిందంట. దాంతో డాక్టరమ్మ మొహం మారిపోయిందంట.

"అత్తా, ఆ కాలం మనుషుల్లో నువ్వొక్కదానివే మిగిలినావు. అమ్మను అడిగితే ఎప్పుడూ మాట దాటేసేది. మా అమ్మకు ఆ గడ్డ ఎట్ల ఉండె? మానిందా? కోసినారా? అంతా తెలుసుకుని రమ్మనింది డాక్టరు. సాయంత్రం సునీత ఫోన్ చేస్తాది" అనింది ఓబులమ్మ.

చేతిలో వక్కపలుకు ఉంది, నోట్లో వేసుకోవాలని ఎత్తినదాన్ని అట్లనే ఉండిపోయినాను. కాఫీ పెడతానని వంకబెట్టి లోపలికి పోయినాను. కాఫీ అయితే పెట్టలేదు. పొయ్యి దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడినాను. వాళ్ల అమ్మ రంగమ్మ వదిన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆమె ఉన్నన్ని దినాలూ ఆ మాట చెప్పాల్సింది నేనే, చెప్పనిదీ నేనే. ఇప్పుడు ఆ అబద్ధం కర్నూలు ఆస్పత్రి కాగితాలకెక్కి కూర్చుంది. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

అప్పుడు నాకు పదిహేడేండ్లు. తెల్లదొరల పరిపాలన ఇంకా పోలేదు, పెద్ద పనేదైనా మద్రాసు మాటే. కంభం చెరువు కింద మాకు వరిమళ్లు, పసుపు మళ్లు ఉండేవి. ఇంటి నిండా పసుపు ఉడికిన వాసన, పేడ వాసన, పొద్దున్నే మజ్జిగ చిలికే చప్పుడు. శనివారం వస్తే మా జేజి, అంటే నాయన తల్లి, ఇంట్లో ఆడపిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి ఆముదం అంటేది. ఆమె చేతులు గరుకు. నెత్తిన పెట్టి పిసికితే కండ్లల్లో నీళ్లొచ్చేవి. వీపు, మెడ, భుజాలు, ఎక్కడా సిగ్గూలేదు, అడగడమూ లేదు, ఒళ్లంతా నలుగు పెట్టి రుద్దేది. ఆ తర్వాత అండాలో కాగిన నీళ్లు, కుంకుడు పులుసు. కుంకుడు నురగ కంట్లో పడి కేకలు పెడితే, "నోరు మూసుకుని కండ్లు మూసుకోవే" అని ముంచి ముంచి పోసేది.

అట్లాంటి ఒక శనివారమే, నేనే ఎడమపక్క సున్నిపిండి రుద్దుకుంటా ఉంటే చేతికి తగిలింది. చింతగింజంత. దాని పక్కనే ఇంకోటి, కొంచెం చిన్నది. నొప్పి లేదు. వేలు పెడితే పక్కకు జారిపోతాది, మళ్లీ వెతుక్కోవాల. ముందు నాకు భయం కలగలేదు, ఇప్పటికీ జ్ఞాపకం, ముందు కలిగింది సిగ్గే. ఏదో చేయరాని పని చేస్తే వచ్చినట్టు. చేసిన తప్పేందా అని నెలనాళ్లు వెతుక్కున్నాను. ఆ తర్వాత శనివారం నుంచి "నేనే పోసుకుంటాలే జేజీ, నాకు రాదా ఏంది" అని తలుపు గడియ పెట్టుకునేదాన్ని. "పెండ్లి కుదిరేసరికి దొరసాని అయిపోయింది" అని జేజి నవ్వేది. ఆ జేజి రవికె అనేది ఎరగని మనిషి. పైట ఒకటి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునేది, అది జారినా పట్టించుకునేది కాదు, దోవన పోయే మగవాళ్లతో అట్లనే సేద్యం మాటలు మాట్లాడేది. ఆ ఇంట్లో రొమ్ము అంటే సిగ్గు లేదు. అందులో గడ్డ అంటేనే సిగ్గు.

అప్పటికే నాకు పెండ్లి కుదిరింది. గిద్దలూరు పక్క సంబంధం. కాబోయే అత్త వచ్చినప్పుడు నన్ను నడిపించి చూసింది, జడ విప్పించి చూసింది, సూదిలో దారం ఎక్కించమనింది. పోతా పోతా మా అమ్మను వాకిట్లో నిలబెట్టి, "పిల్లకు ఒంట్లో ఏమీ లేదు కదా వదినా, తర్వాత మాట రాకూడదు" అనింది. మా వీధిలోనే ఒక పిల్లకు నడుము మీద చిన్న మచ్చ ఉందని నిశ్చయమైన పెండ్లి తప్పిపోయింది. ఆ పిల్ల మళ్లీ వాకిట్లోకి రాలేదు, నీళ్లకు పోయినా తల వంచుకునే పోయేది. నాకు కండ్లు మూసినా తెరిచినా ఆ పిల్లే కనపడేది.

గడ్డకు సున్నం బెల్లం కలిపి పట్టు వేస్తే కరిగిపోతాదని ఎప్పుడో విన్నాను. ఎవరూ లేనప్పుడు వక్కాకుల పెట్టెలోని సున్నం తీసి, బెల్లంతో నూరి పట్టించుకున్నాను. తెల్లారికి తోలు కాలి బొబ్బలెక్కింది. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంది. నా రవికె మీద బొబ్బలు చితికిన మరక చూసి పట్టుకున్నది రంగమ్మ వదినే. ఆమె మా ఇంటికొచ్చి మూడేండ్లు. నాకంటే అయిదారేండ్లు పెద్దది, అంతే. అప్పటికి ఓబులమ్మ ఒళ్లో ఉంది, నాలుగు నెలల పిల్ల. వాగు దగ్గర బట్టలు ఉతుకుతా ఉతుకుతా, రవికె నా ముందు పట్టి, "అమ్మీ, ఇదేంది?" అనింది. నేను ఏడ్చినాను. ఆమె చుట్టూ చూసి, నా చెయ్యి పక్కకు తీసి, తనే ముట్టి చూసింది. ఆ చెయ్యి ఉతికిన బట్టల చలవతో చల్లగా ఉండింది.

"ఎవరికీ చెప్పొద్దు వదినా, నీ కాళ్లు మొక్కుతా" అన్నాను.

"చెప్పను. కానీ చూపించుకోవాల. మార్కాపురంలో ఆడ డాక్టరు ఉందంట" అనింది.

"పెండ్లి కావాల్సిన పిల్లను ఆస్పత్రికి తీసుకపోయినారంటే ఊరంతా ఏమనుకుంటాది? ఇంక నన్ను ఎవరు చేసుకుంటారు?"

వదిన చేతిలోని బట్ట పిండి బండ మీద వేసింది. ఆ తర్వాత, "నాకుందని చెప్తాలే. నాకు పెండ్లయింది, బిడ్డ పుట్టింది. నాకేం పోతాది?" అనింది. ఆమె ఆ మాట ఎంత సుళువుగా అనిందో, నేను అంత సుళువుగా సరే అన్నాను. ఆమెకు ఏం పోతాదో ఇద్దరమూ ఆలోచించలేదు. ఆమె ఆలోచించకపోయినా నేను ఆలోచించి ఉండాల్సింది, అక్కర నాది కదా.

ఆ రాత్రే ఆమె మా అన్నతో రొమ్ములో గడ్డ తగులుతాందని చెప్పింది. మా అన్న భయస్తుడు. రెండో దినమే బయలుదేరదీసినాడు. బిడ్డను ఎత్తుకునేదానికని నన్నూ వెంట పంపించినారు. కంభంలో రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, జట్కా మాట్లాడుకుని ఊళ్లోకి పోయినాము. దోవ పొడవునా మా అన్న వదిన మొహమే చూస్తా కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా" అని అడుగుతాడు, ఆమె లేదంటాది. నేను ఓబులమ్మను ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తా ఉన్నాను. ఆస్పత్రి వసారాలో చీటీ రాసే ఆయనకు మా అన్నే ముందుకు పోయి పేరు చెప్పినాడు. రంగమ్మ, ఫలానా ఊరు, వయసు ఇంత. ఆ తర్వాత మగవాళ్లు బయటే ఉండాలంటే బల్ల మీద కూర్చున్నాడు.

లోపల తెల్లటి తెర, సబ్బు వాసన, గాటుగా మందు వాసన. డాక్టరమ్మ అరవ దేశం మనిషి, తెలుగు మాట్లాడేది కానీ యాస వేరు. సన్నపు కండ్లద్దాలు, చేతికి గాజులు లేవు. చీటీ చూసి "రంగమ్మ ఎవరు?" అనింది. వదిన ఓబులమ్మను నా దగ్గర్నుంచి తీసుకుని, నన్ను ముందుకు నెట్టింది. నేను తలాడించినాను. డాక్టరమ్మ నా మెడ చూసింది, నా కాలివేళ్లు చూసింది. "తాళి ఎక్కడమ్మా? మెట్టెలెక్కడ?" అనింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. వదినే నోరు తెరిచి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీద పడుకోమనింది. నేను పైట రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. వదిన నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. కండ్లు గట్టిగా మూసుకున్నాను, పండ్లు బిగబట్టినాను. డాక్టరమ్మ వేళ్లు కాసేపు వెతికి, ఆగినాయి.

"ఇది ఏమీ చేయదమ్మాయ్. నీ వయసు పిల్లలకు వస్తూ ఉంటాయి. చూడు, వేలి కింద జారిపోతున్నాయి. పెరిగితే తీసేయొచ్చు. పెండ్లి చేసుకో, బిడ్డలను కను, పాలివ్వు, దేనికీ అడ్డం లేదు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించు" అనింది. కాలిన తోలుకు పూసుకునేదానికి మందిచ్చింది. ఆ తర్వాత కూర్చుని ఇంగ్లీషులో చీటీ రాసింది. రాస్తా రాస్తా, "పేరు మీరు చెప్పిందే ఉంది. కానీ వయసు, పెండ్లి కాలేదన్న సంగతి నేను ఉన్నదున్నట్టే రాశాను. మందుల కాగితంలో అబద్ధం రాయను" అనింది.

తిరుగు రైల్లో నాకు ఎంత ఆకలేసిందో! మా అన్న కొనిచ్చిన శనగలు గుప్పెళ్లు గుప్పెళ్లు తిన్నాను. ఏమీ లేదంట, ఏమీ లేదంట అని లోపల పాడుకుంటా ఉన్నాను. పదిహేడేండ్ల బుద్ధి అంతే.

ఇంటికొచ్చినాక మా అన్న ఊరుకోలేదు. అమ్మకు చెప్పినాడు, అమ్మ జేజికి చెప్పింది. జేజి మొహం నల్లబడిపోయింది. ఆమె పుట్టింటి ఊళ్లో ఎవరో బాలింతకు రొమ్ములో గడ్డ లేచి, ఆ పాలు తాగిన బిడ్డ పోయిందంట, ఆ తర్వాత తల్లీ పోయిందంట. నేరుగా వదిన దగ్గరికి పోయి, పాలు తాగతా ఉన్న ఓబులమ్మను రొమ్ము నుంచి ఊడదీసి ఎత్తుకుంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"డాక్టరమ్మ పాలియ్యొచ్చని చెప్పింది జేజీ" అనింది వదిన.

"ఆమెకు బిడ్డలున్నారా? ఆమె ఎవరికన్నా పాలిచ్చిందా? గడ్డలో నుంచి వచ్చే పాలు బిడ్డకు విషమే. నా మాట విను తల్లీ, మేకపాలు పోద్దాము" అనింది జేజి. కోపంతో కాదు, భయంతోనే అనింది. ఆమెకు బిడ్డ అంటే ప్రాణం.

మా అన్న పాపం మధ్యలో కల్పించుకున్నాడు. "చీటీ ఉంది కదా జేజీ, కంభం స్టేషన్ మాస్టరుకు ఇంగ్లీషొచ్చు. రేపు పొయ్యి చదివించుకొస్తా. అందులో పాలియ్యొచ్చని ఉంటే ఇస్తాది" అన్నాడు. అప్పుడు వదిన నా దిక్కు చూసింది. ఒక్కసారే. నేను గంపలోని చింతకాయలు ఏరుకుంటా తల వంచుకున్నాను. ఆ చీటీలో ఏముందో మా ఇద్దరికే తెలుసు. వదిన లేచి, స్నానాల గదిలోకి పోయింది. నేను వెనకాలే పోయినాను. నీళ్ల అండా కింద మంట మండతా ఉంది. ఆ మంటలో చీటీ పెట్టింది. "చీటీ యాడ పోయిందో కనపడలేదని చెప్తాలే. నీ పెండ్లి కానీ, తర్వాత చూద్దాము" అనింది. వద్దు వదినా అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అది కాలిపోయే వరకూ చూస్తా నిలబడినాను. నిజం చెప్పాలంటే, కాలిపోతే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను.

పెండ్లికి ఇంకా ఆరు వారాలుండె. ఆ ఆరు వారాలూ ఓబులమ్మ జేజి దగ్గరే. ఉగ్గుగిన్నెతో మేకపాలు పోస్తే సగం కక్కేది. విరేచనాలు పట్టుకుని పండులాంటి బిడ్డ వడిలిపోయింది. వదిన దగ్గరికి తీసుకపోతే పాల వాసనకు ఆమె రొమ్ము మీద మొహం రుద్ది రుద్ది ఏడ్చేది, అందుకని అసలు దగ్గరికే పోనిచ్చేవాళ్లు కాదు. ఒక దినం మధ్యాన్నం నేను బిడ్డను భుజానేసుకుని వసారాలో తిప్పుతా ఉన్నాను. వదిన రోట్లో పప్పు రుబ్బుతాంది. బిడ్డ ఏడుపెత్తుకుంది. చూస్తుండగానే వదిన రవికె ముందర తడిసిపోయింది, పాలు చేపుకొచ్చినాయి. ఆమె పొత్రం ఆపకుండానే, తల ఎత్తకుండానే, "చెన్నమ్మా, దాన్ని కొంచెం దూరంగా ఎత్తుకపో" అనింది. ఎత్తుకపోయినాను. ఎత్తుకపోయినాను, అంతే! వాకిలి దాటి, పసుపు కుప్పల దాకా పోయి, అక్కడ నిలబడి బిడ్డతో పాటు నేనూ ఏడ్చినాను కానీ, వెనక్కి తిరిగి పోయి జేజి ముందు నోరు తెరవలేదు. నా ఏడుపు ఎవరికి కావాల!

పాలు గడ్డకట్టి వదినకు జ్వరం తగిలింది. పిండి పిండి గోడకు పోసేది. అప్పుడు జేజి, పాలు ఇంకిపోయేదానికి మల్లెపూలు కట్టాలనింది. అది పాత పద్ధతే, బిడ్డ పోయిన బాలింతలకు చేసేవాళ్లు. పూలు గుడ్డలో పరిచి రొమ్ములకు బిగించి కట్టి, వాడిపోతే మళ్లీ కొత్తవి కట్టడం. నా పెండ్లి మల్లెల కాలంలోనే వచ్చింది. పెండ్లి దినం తెల్లవారుజామునే కంభం నుంచి గంపెడు మల్లెపూలు తెప్పించినారు. మా అమ్మ వాటిని రెండు భాగాలు చేసింది. పెద్దది నా జడకు. చిన్నది వదినకిచ్చి, "నువ్వు కూడా కట్టుకోమ్మా, పాతవి వాడిపోయినాయేమో" అనింది. వదిన ఆ పూలు తీసుకుని లోపలికి పోయి కట్టుకుని వచ్చి, నాకు జడ వేసేదానికి కూర్చుంది. ఆమె వంగి పూలు కుడతా ఉంటే రెండు దిక్కుల నుంచీ ఒకటే వాసన. ఎవరూ లేని సమయం అది. చెప్పాల్సింది అప్పుడే, కనీసం ఆమెకన్నా, తప్పు చేసినాను వదినా అని. "బిగుతుగా ఉందా?" అని ఆమే అడిగింది. "లేదు" అన్నాను.

పెండ్లయినాక చెప్తాననుకున్నాను. పెండ్లయినాక మొగుడికి తెలిస్తే ఎట్ల అనుకున్నాను. బిడ్డ పుట్టినాక చెప్తాననుకున్నాను. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, నా కొడుకును నా ఎడమ రొమ్ముకు పట్టించింది కూడా వదినే. వాడు గుటకలు వేస్తా ఉంటే చూసి, "బాగ తాగుతాడు" అనింది. అంతకుమించి ఒక్క మాట లేదు. నలుగురు బిడ్డలకు నేను ఆ గడ్డల పక్కనుంచే పాలిచ్చినాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఒకటి తర్వాత తర్వాత కరిగిపోయింది. ఇంకొకటి ఇప్పటికీ ఉంది, చింతగింజంతే ఉంది. డాక్టరమ్మ దగ్గరికి మూడు నెలలకు కాదు కదా, మళ్లీ ఎప్పుడూ పోలేదు.

సునీత చూడండి, ఇప్పటి పిల్ల. గడ్డ తగిలిన దినమే మొగుడికి చెప్పింది, బళ్లో పెద్ద సారుకు సెలవు చీటీలో ఉన్నదున్నట్టు రాసిచ్చిందంట. దానికి భయం ఉంది, సిగ్గు లేదు. నాకు సిగ్గు ముందొచ్చింది, భయం తర్వాతొచ్చింది, బుద్ధి మాత్రం అరవై ఏండ్లయినా రాలేదు. ఇవన్నీ పొయ్యి దగ్గర నిలబడి తలుచుకుని, కాఫీ లేకుండానే బయటికొచ్చి, ఓబులమ్మ ముందు కూర్చుని మొత్తం చెప్పేసినాను.

అది కొంగు వేలికి చుట్టుకుంటా అంతా వినింది. ఆ తర్వాత, "అయితే నన్ను మేకపాలకేసింది నువ్వా అత్తా?" అనింది.

"నేనే."

లేచి పోయి తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. తిరిగొచ్చి ఈసారి నా పక్కన కాకుండా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. "అమ్మ నాకు బువ్వ పెట్టేటప్పుడల్లా అనేది అత్తా, నీకు పాలియ్యలేకపోతినే అని. నేను ముసలిదాన్నయినాక కూడా అనింది. ఏడ్చేది" అనింది. నాకు తెలియదు అది. నా ముందు ఎప్పుడూ ఏడవలేదు ఆమె. నన్ను క్షమించమని అడిగే హక్కు ఉందని కూడా అనిపించలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. ఓబులమ్మ ఎత్తి, "సునీతా, మీ అమ్మమ్మకు అట్లాంటిదేమీ లేదంట. డాక్టరుకు చెప్పు, పొరపాటున చెప్పినానని" అనింది. అవతల సునీత గొంతు నాకూ వినపడతాంది, "మరి ఎవరికుండె? ఇంట్లో ఎవరికో ఉంటే కదా ఆ మాట వచ్చింది" అని. ఓబులమ్మ నా దిక్కు చూసింది. అచ్చం వాళ్లమ్మ చూసినట్టే, ఒక్కసారి. చూసి, "ఎవరికీ లేదులేమ్మీ. ఆ కాలం మాటలు, ఎవరు పుట్టించినారో" అనింది.

చెయ్యి చాపినాను. "ఫోను ఇట్ల ఇయ్యి" అన్నాను.

"సునీతా, నేను చెన్నమ్మవ్వను. ఆ గడ్డలు నావి. ఎడమపక్క రెండు, పదిహేడేండ్ల వయసులో వచ్చినాయి, ఒకటి ఇంకా ఉంది. మీ అమ్మమ్మకు ఏ రోగమూ లేదు. ఆమె పాలు బాగుండె తల్లీ, మీ అమ్మ తాగాల్సిన పాలు. డాక్టరుకు నా పేరు చెప్పు" అన్నాను.

"ఒక్క నిమిషం అవ్వా, రాసుకుంటా. పూర్తి పేరు చెప్పు" అనింది.

ఇంటిపేరుతో సహా చెప్పినాను.